జడ్చర్లల కటింగ్ షాపోళ్ళకు పెట్టిన ఫ్రీ హెపటైటిస్ క్యాంపు: పోవొచ్చా వద్దా, నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్న, 5కి 3.5. టెస్టుకైతె ఫుల్ మార్కులు, అక్కడ మాట్లాడిన అక్కకైతె ఫుల్ కంటె ఎక్కువనే ఇయ్యొచ్చు, రిజల్టు చెప్పిన తీరుకు, తర్వాత పట్టించుకున్న తీరుకు కట్ చేసిన. ఎందుకో కింద రాస్త, జర లంబా ఉంటది, టైం లేనోళ్ళు నడుమ నడుమ దాటేయుండ్రి, కాని షాపు పెట్టుకున్నోళ్ళు, షాపుల పనిచేసేటోళ్ళు మాత్రం మొత్తం సదువుండ్రి.

సంగతేందంటె మొన్న జులై నెలాఖరుల మా కటింగ్ షాపోళ్ళ సంఘం బిల్డింగుల హెపటైటిస్ బి, సి టెస్టుల క్యాంపు పెట్టిన్రు, అవి నెత్తురుతోని అంటి లివరును పాడుచేసే వైరస్‌లు. ఒక స్వచ్ఛంద సంస్థోళ్ళు, సర్కారు దవాఖాన స్టాఫు కలిసి పెట్టిన్రు, సంస్థ పేరు ఎందుకులే, మంచి ఎంత రాస్తనో చెడ్డ కూడ అంతే రాస్త కాబట్టి వద్దు. పైసా ఖర్చు లేదు. కటింగ్ షాపోళ్ళు, లారీ డ్రైవర్లు, క్లీనర్లు, దవాఖానల ఊడ్చి తుడిచేటోళ్ళు, జాతరలల్ల పచ్చబొట్లు ఏసేటోళ్ళు, హిజ్రా అక్కలు, సూదితోని మత్తుమందు తీసుకునేటోళ్ళు, వీళ్ళందరి కోసం అని బ్యానర్ మీదనే పెద్దక్షరాలతోని రాసిన్రు. గది చూసి మావోళ్ళల్ల సగం మందికి తిక్కలేసింది, "మనల్ని తీస్కపోయి వీళ్ళతోని కలిపిండ్రేంది, మనకేం రోగం" అని. బ్యానర్ కొట్టిచ్చేటప్పుడు సంఘంల ఒక్కరినన్న అడిగుంటె గీ లొల్లి ఉండకపోవు. రాసింది తప్పని అంటలేను, రాసిన తీరు అట్లుంది.

ఇంకో సిత్రం, ముందుగాల క్యాంపు ఆదివారం పెట్టిన్రు. ఆదివారం! కటింగ్ షాపుకు వారం మొత్తంల గిరాకీ ఉండేదే ఆ రోజు, పొద్దుగాల ఆరింటికెల్లి మధ్యాహ్నం దాక కూసునే టైం ఉండదు, పోలేపల్లి కంపెనీల పనిచేసే పోరగాళ్ళంత ఆనాడే వస్తరు. ఎవడన్న షాపు బంద్ పెట్టి టెస్టుకు పోతడా. ఆదివారం కుర్చీలు, టేబుళ్ళు, నర్సులు అందరున్నరు, జనం లేరు. తర్వాత ఎవరో బుద్ధిమంతుడు చెప్పిండు, మంగళవారం షాపులు బంద్ ఉంటయ్, అప్పుడు పెట్టుండ్రి అని. మంగళవారం పెడితె హాలు నిండింది. దినం తెల్సుకోనీకె ఏ డాక్టరు చదువు అక్కర్లేదు, ఏదన్న షాపుల షేవింగ్ చేయించుకుంట అడిగినా చెప్తుండె.

ఇగ అవగాహన ప్రోగ్రాం. మొదలు ఒక సార్ లేచిండు, చేతిల కాయితం పట్టుకుని సదివిండు. కాలేయం అనేది మానవ శరీరంల అతి ముఖ్యమైన అవయవం అని షురూ చేసిండు, రెండు నిమిషాలల్ల అందరు ఫోన్లు బయటికి తీసిన్రు, వెనక వరుసల ఒకాయన రీల్స్ సౌండు పెట్టి చూస్తుంటె పక్కోడు గుద్దిండు. సార్ మంచోడే, తెలివి తక్కువోడేం కాదు, కాని మైకుల కాయితం సదివితె ఎవరింటరు.

తర్వాత ఒక అక్క లేచింది, ట్రాన్స్‌జెండర్ అక్క, ఆమె చానా ఏండ్ల సంది హెచ్‌ఐవీ ప్రోగ్రాంల కౌన్సిలింగ్ చేస్తదంట, మా పాలమూరు దిక్కు మాటనే. మైకు పక్కకు పెట్టేసింది. మొదటి మాటనే "అన్నా, మీ షాపుల పటిక రాయి ఎన్ని దినాలకు మారుస్తరు?" అని అడిగింది. హాలంత సైలెంట్. ఎవరు మారుస్తరు పటికను, అది కరిగిపోయిందాక వాడేదే కద. "బ్లేడు మారుస్తున్రు, మంచిదే, కస్టమరు ముంగటనే రేపరు చింపుతున్రు, నేను చూసిన. మరి గడ్డం కాడ తెగి నెత్తురొస్తె పటిక తీసి రుద్దుతరు, అదే పటిక తడిగనే ఉంటది, పది నిమిషాలకు ఇంకో ఆయన బుగ్గకు రుద్దుతరు. ఉస్తర క్లిప్పు ఇప్పి చూసిన్రా ఎన్నడన్న, బ్లేడు పెట్టే సందుల నురగ, ఎంటికలు, నెత్తురు గలిసి నల్లగ అతుక్కొని ఉంటది. మగ్గుల డెట్టాల్ నీళ్ళు పొద్దున పోస్తె రాత్రి దాక అవే." ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆమె మా షాపులల్ల కూసోని చూసినట్లే చెప్పింది, తర్వాత తెల్సింది నిజంగనే క్యాంపుకు ముందు రెండు మూడు షాపులల్ల బెంచీ మీద కూసోని చూసి పోయిందంట. గది నాకు మస్తు నచ్చింది. అవగాహన అంటె ఇట్లుండాలె, ముందుగాల మా పనేందో చూసి, తర్వాత మాకు చెప్పాలె.

హెపటైటిస్ బి వైరస్ బయట, ఎండిపోయిన నెత్తురు మరకల కూడ ఏడు దినాలన్న బతికుంటదంట. కంటికి కనపడని బొట్టు చాలంట, హెచ్‌ఐవీ కన్న ఎన్నో రెట్లు సులువుగ అంటుతదంట. మేము హెచ్‌ఐవీకి భయపడి బ్లేడు మార్చుడు నేర్సుకున్నం, 90లల్ల ఆ భయం తోనే సగం బ్లేడు వచ్చింది షాపులల్లకు, కాని బ్లేడు తప్ప మిగతాదంత అట్లనే ఉండిపాయె. పటికను పొడి కొట్టి పెట్టుకుని, దూదికి జరంత అద్ది రాసి ఆ దూది పారేయమన్నది. ఉస్తరను బ్లీచింగ్ నీళ్ళల్ల నానబెట్టి కడుగుమన్నది. తీసేసిన బ్లేడ్లు గోడ మీద, కిటికీల పెట్టకుంట మూతున్న డబ్బాల వేయమన్నది. నేను ఇప్పుడు పాత మంచినూనె డబ్బా పెట్టిన, మూతకు సందు కోసి. కస్టమర్లు కొందరు ఏందన్నా ఇది హుండీ లెక్క అని నవ్వుతరు, నవ్వనియ్యి.

జాతరల మాట కూడ ఎత్తింది. కురుమూర్తి జాతరకు పోతె తెలుస్తది, పుట్టెంటికలు తీయించేకాడ లైనుల పిల్లలు కూసుంటరు, పిల్లగాడు ఏడ్సి కదిలితె నెత్తి మీద గీసుకుంటది, రష్షుల బ్లేడు మార్చే ఓపిక ఎవరికుంటది. పక్కనే పచ్చబొట్టోళ్ళు, అదే సూది, అదే సిరా గిన్నె, పేరు రాయించుకునే పోరగాళ్ళు లైను కడ్తరు. పచ్చబొట్టు ఏసే ఇద్దరు వచ్చిన్రు క్యాంపుకు, ఒకాయన అడిగిండు, "సూది మార్చినా సిరా గిన్నె అదే ఉంటె అంటుతదా?" అని. అంటుతది, ఒక్కొక్కరికి చిన్న మూతల సిరా పోసుకుని మిగిలింది పారబోయాలె అని చెప్పింది. ఆయన మొహం చూడాలె, సిరా ఖర్చు లెక్కేసుకుంటున్నడు.

అసలు ముచ్చట ఇప్పుడొస్తది. మా దిక్కు హెపటైటిస్ అంటె ఎవరికి ఎరుకలేదు, పచ్చకామెర్లంటె అందరికి ఎరుక. కామెర్లైతె దవాఖానకు పోయేటోడు తక్కువ, పసరు తాగుతరు, మేకపాలల్ల కలిపి పొద్దుగాల పరగడుపున, కారం ఉప్పు బంద్, కొన్ని ఊర్లల్ల ఇప్పటికి మణికట్టు మీద వాత పెడ్తరు. ఈ పసరు పోసేటోళ్ళల్ల మావోళ్ళు కూడ ఉన్నరు, మా కులం పాతకాలంల వైద్యం చేసిన కులమే, మంత్రసాని పని కూడ మా ఆడోళ్ళే చేసేటోళ్ళు. సంఘంల ఒక పెద్దాయన ఉన్నడు, నేల ఉసిరి ఇంకేందో కలిపి ఇస్తడు, జిల్లా దాటి కూడ వస్తరు ఆయన కాడికి. ఆయన లేచిండు. "నా చేతి మందుతోని ఎంతమందికి తగ్గిందో లెక్క లేదు, మీరు తగ్గదంటరా?" అన్నడు. గొంతు పెద్దగనే ఉంది. ఇగ లొల్లి అయితది అనుకున్న.

అక్క కూసోనున్న కాడికెల్లి లేచి ఆయన దగ్గరికి పోయింది. "తగ్గలేదని నేనెట్లంట తాతా, తగ్గిన మాట నిజమే. కామెర్లు చేసే వైరస్‌లు శానా ఉన్నయి. ఎ, ఇ అనేటివి నీళ్ళతోని, తిండితోని వస్తయి, వానకాలం పైపు పగిలి మోరి నీళ్ళు కలిస్తె వస్తయి. అవి శానామందికి కొన్ని వారాలల్ల వాటంతటవే తగ్గుతయి, పసరు తాగినా తగ్గుతయి, తాగకున్నా తగ్గుతయి. బి, సి అట్ల కాదు. అవి నెత్తురుల దూరి ఇరవై ఏండ్లు, ముప్పై ఏండ్లు సప్పుడు చేయవు. కండ్లు పచ్చగ కావు, జరం రాదు, మనిషి మంచిగనే పనికి పోతడు. లివరు మెల్లగ గట్టిపడ్తది, కొందరికి క్యాన్సర్ అయితది. వాళ్ళకు కండ్లు పచ్చగై నీ కాడికి వచ్చెటాళ్ళకు పని అయిపోయి ఉంటది. నువ్వొక్క పని చెయ్యి తాతా, నీ కాడికి వచ్చినోళ్ళకు మందు ఇచ్చేముందు నెత్తురు పరీక్ష చేయించుకుని రమ్మను, చీటీ తెస్తెనే ఇస్త అను. నీ మాట ఇంటరు, నా మాట ఇనరు."

పెద్దాయన కొద్దిసేపు ఏమనలే. తర్వాత "కడుపుతోని ఉన్నోళ్ళు వస్తె?" అని అడిగిండు. దానికి ఆమె గట్టిగ చెప్పింది, గర్భిణులకు కామెర్లైతె పసరు మాటే వద్దు, ఇ రకం గనక అయితె నెలలు నిండేటప్పుడు తల్లి పాణం మీదికి వస్తది, ఆ దినమే దవాఖానకు పంపాలె అని. ఆయన తలూపిండు. టెస్టు లైనుల ముందు నిలబడ్డది గూడ ఆయననే. ఇప్పుడు నిజంగనే చీటీ అడుగుతున్నడంట, మా గల్లీ ఆయన పోతె వాపస్ పంపిండు.

నేను ఇట్లాంటి ప్రోగ్రాంలు చానా చూసిన, అందరు వచ్చి నాటు వైద్యం మూఢనమ్మకం అని తిట్టిపోతరు, తిట్టినంక జనం అటే పోతరు. ఈమె తిట్టలే. దానికే నా స్టార్లల్ల పెద్ద వాటా.

టెస్టు ఎట్లుంటదంటె, ముందుగాల ఒకామె పేరు, వయసు రాసుకుని ఇష్టమైతేనే చేస్తం అని సంతకం తీసుకుంటది, బలవంతం లేదు. ఏలు కొసన పొడుస్తరు, ప్రతి మనిషికి కొత్త సూది, మన ముంగటనే చింపుతరు. బొట్టు నెత్తురు స్ట్రిప్పు మీద ఏసి ఇంకో మందు చుక్కలేస్తరు, బికి ఒక స్ట్రిప్పు, సికి ఒక స్ట్రిప్పు. పావుగంట ఇరవై నిమిషాలు ఆగాలె. ఒక గీత వస్తె నెగెటివ్, రెండు గీతలైతె పాజిటివ్. ఆ ఇరవై నిమిషాలు మావోళ్ళు పీకినంత జోకులు ఎన్నడు పీకలే, భయానికి. ఈ మధ్యనే అంటుకున్నదైతె స్ట్రిప్పుల వెంటనే కనపడకపోవచ్చు, డౌటుంటె కొన్ని నెలలాగి మళ్ళ చేయించుకోవాలె అని కూడ చెప్పిన్రు, ఈ ముక్క సంగతి చానా క్యాంపులల్ల చెప్పరు.

పాజిటివ్ వస్తె ఏంది అనేది బికి, సికి రెండు రకాలు. సి పాజిటివ్ అంటె ఎన్నడో ఒకసారి అంటింది అని, ఇప్పుడు ఒంట్ల ఉందో లేదో చెప్పనీకె వైరల్ లోడ్ అని ఇంకో టెస్టు చేయాలె, కొంతమందికి దానంతటదే పోయి ఉంటది. ఉంటె గోళీలు, సోఫాస్బువిర్, డాక్లాటాస్విర్ అని, చానామందికి 12 వారాలు, నూటికి 95 మందికి పైగ పూర్తిగ నయమైతది. నయమంటె నయమే. ఒకప్పుడు ఈ సికి సూదులు ఆరు నెలలకెల్లి ఏడాది దాక, జరాలు, లక్షలు, అయినా తగ్గుతదని గ్యారంటీ లేదు. ఇప్పుడు జాతీయ ప్రోగ్రాం కింద ఫ్రీ, 2018 జులై 28న షురూ చేసిన్రు, టెస్టు, గోళీలు రెండు ఫ్రీనే. బికి అట్ల పూర్తిగ పోగొట్టే మందు లేదు, కాని అదుపుల పెట్టే గోళీ ఉంది, టెనోఫోవిర్ అని, పాజిటివ్ వచ్చిన ప్రతి ఒక్కరికి గోళీలు అక్కర్లేదు, లివర్ టెస్టులు, స్కానింగ్ చూసి డాక్టర్ చెప్తడు, అక్కర్లేనోళ్ళు కూడ ఆరు నెలలకోసారి చూపించుకోవాలె. సికి టీకా లేదు, బికి ఉంది. జులై 28 ఎందుకంటె అది ప్రపంచ హెపటైటిస్ దినం, బి వైరస్‌ను కనిపెట్టిన బ్లంబర్గ్ అనే అమెరికా సైంటిస్టు పుట్టినరోజంట, ఆయనకు 1976ల నోబెల్ ఇచ్చిన్రు. టీకా కూడ ఆయన పని మీదికెల్లే వచ్చింది.

డబ్ల్యూహెచ్‌వో 2024 రిపోర్టు లెక్క ప్రకారం 2022ల మన దేశంల బి ఉన్నోళ్ళు 2 కోట్ల 98 లక్షలు, సి ఉన్నోళ్ళు 55 లక్షలు. వీళ్ళల్ల ఎక్కువ మందికి ఉందన్న సంగతే ఎరుకలేదు. మా హాలుల కూసున్నోళ్ళకు ఈ కోట్ల లెక్క పెద్దగ ఎక్కలే, పటిక రాయి ఎక్కింది.

ఇగ తిట్టాల్సింది. రిజల్టు ఎట్ల చెప్పిన్రో ఇనుండ్రి. నెగెటివ్ వచ్చినోళ్ళను సీదా టీకా లైనుకు పొమ్మన్నరు, పాజిటివ్ వచ్చినోళ్ళను "మీరు ఆ రూముల కూసోండ్రి" అన్నరు. రూము హాలు పక్కనే, తలుపు అందరికి కనపడ్తది. ఇగ చెప్పేదేముంది, ఎవరు ఆ రూములకు పోతున్నరో హాలంత చూస్తున్నది. పొద్దుగూకేసరికి ఊర్ల టీకొట్టు కాడ పేర్లతోని సహా చెప్పుకుంటున్నరు. మక్తల్ దిక్కు నుంచి వచ్చి ఇక్కడ షాపుల పనిచేసే పిల్లగాడు ఒకడుండె, ఆ రూములకు పోయిండు, తెల్లారి ఓనర్ పనికి రావద్దన్నడు. ఆ పిల్లగాడికి ఇంకా రెండో టెస్టు కూడ కాలే. వైరల్ లోడ్ చేస్తె ఏమొస్తదో ఎవరికెరుక, ఉన్నా కూడ పని మానేయాల్సిన రోగమేం కాదది, దువ్వెనతోని, గుడ్డతోని, చెయ్యి తగిల్తె, ఒక కంచంల తింటె, దగ్గితె అంటేది కాదు, నెత్తురుతోని అంటుతది, తెగిన చేతికి ప్లాస్టర్ ఏసుకుని, తన సామాను ఎవరికియ్యకుంట చేసుకుంటె ఏం కాదు, అని అదే హాలుల చెప్పిన్రు కద. కాని చెప్పినోళ్ళే ఆ పిల్లగాడిని అందరి ముంగట నిలబెట్టిన్రు. అందరిని ఒక్కొక్కరిని రూములకు పిలిచి, నెగెటివ్ అయినా పాజిటివ్ అయినా రెండు నిమిషాలు అండ్లనే కూసోబెట్టి పంపితె ఎవరికి ఏం తెలుస్తది? దీనికి ఏం ఖర్చు లేదు, రూము ఉండనే ఉంది. హిజ్రా అక్కలు, మత్తుసూదులోళ్ళు ఇట్లాంటి క్యాంపులకు ఎందుకు రారో నాకు ఆనాడు సమజైంది. మాకు ఒక్క దినం పరువు పోతె గింత మంటుంది, వాళ్ళకు దినాం ఇదే.

నేను పోయి క్యాంపు మేనేజరు మేడంతోని అన్న, మేడం గిది మంచిగ లేదు అని. ఆమె ఇన్నది, వాదులాట పెట్టలే, నోట్ చేసుకుంది. సాయంత్రం 44 హైవే మీద దాబా కాడ లారీ డ్రైవర్లకు క్యాంపు ఉండె, అక్కడ అందరిని ఒక్కొక్కరిగ టెంటు లోపలికే పిలిచిన్రని మా బామ్మర్ది చెప్పిండు, ఆయన లారీ నడుపుతడు. అంటె ఇంటరు, చెప్తె మారుస్తరు, కాని మా మీద పరీక్ష చేసి నేర్సుకున్నరు.

దాబా క్యాంపు గురించి బామ్మర్ది చెప్పింది కొంచెం రాస్త. డ్రైవర్లకు సూది పిచ్చి ఎక్కువ, నడుం నొచ్చినా, జరమొచ్చినా రోడ్డు మీద ఆర్‌ఎంపీ కాడ ఆపి ఒక సూది ఏయించుకుని పోతరు, గోళీ ఇస్తె డాక్టరే కాదంటరు. 2009ల గుజరాత్‌ల మొడాస అనే ఊర్ల వాడిన సిరంజిలు మళ్ళ వాడుడుతోని హెపటైటిస్ బి పాకి మస్తు మంది చచ్చిపోయిన ముచ్చట చెప్పిన్రంట, ఆ రూట్ల పోయిన డ్రైవర్లు ఉన్నరు గాడ, వాళ్ళకు బాగ తాకింది. సిరంజి ప్యాకెట్ కండ్ల ముంగట చింపితెనే చెయ్యి సాపుండ్రి, గోళీతోని పోయేదానికి సూది అడగకుండ్రి అన్నరంట. కండోం మాట కూడ సిగ్గుపడకుంట చెప్పిన్రు, బి ఆ దారిల గూడ అంటుతది కాబట్టి. ఒకాయన "మరి కల్లు తాగొచ్చా?" అని అడిగితె అందరు నవ్విన్రంట, కాని అసలైన ప్రశ్న అదే మా దిక్కు. వైరస్ ఉన్నోడు మందైనా కల్లైనా తాగితె లివరు రెండు దిక్కుల నుంచి దెబ్బ తింటది, బంద్ చెయ్యాల్సిందే అన్నరు.

పెద్ద లోటు ఇంకొకటి, ఆడోళ్ళు. దవాఖానల ఊడ్చే అక్కలు కొంతమంది వచ్చిన్రు, వాళ్ళకు చెత్త సంచిల సూదులు గుచ్చుకునుడు మామూలే, గ్లౌజులు ఇస్తరా అంటె నవ్వు తప్ప జవాబు లేదు. కాని బ్యూటీ పార్లర్ నడిపేటోళ్ళను ఎవరు పిలవలే, వాళ్ళు కూడ ముక్కు కుడ్తరు, చెవులు కుడ్తరు. మా ఇండ్లల్ల ఆడోళ్ళను ఎవరు పిలవలే. భర్తకు పాజిటివ్ వస్తె భార్యకు, పిల్లలకు టెస్టు చేయించాలె అని చెప్పిన్రు, మరి ఆ భార్యను ముందే పిలిస్తె అయిపోవు కద. బి ఎక్కువగ తల్లి నుంచి బిడ్డకు కాన్పు టైంల వస్తదంట, పెద్దోళ్ళకు అంటితె నూటికి 95 మందికి దానంతటదే పోతది, అదే పసిపిల్లకు అంటితె నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల లోపల బి టీకా ఏయాలె, తల్లికి పాజిటివ్ ఉంటె దాంతోపాటు ఇంకో సూది, ఇమ్యునోగ్లోబులిన్ అని. తల్లి పాలియ్యొచ్చు, ఆపే పని లేదు. ఈ ముచ్చట హాలుల ఉన్న మగోళ్ళకు చెప్పిన్రు, ఇంటికి పోయి ఎంతమంది చెప్పిన్రో దేవునికెరుక. మా కోడలు కడుపుతోనుంది, నేనైతె చెప్పిన, ఆమె "తెల్సు మామా, మూడో నెలలనే టెస్టు చేసిన్రు, ఆశా అక్క చెప్పింది" అన్నది. ఆశా అక్కలకు దండం పెట్టాలె.

టీకా సంగతి. మన దేశంల పిల్లల టీకాలల్ల బిది 2002 దిక్కు కొన్ని చోట్ల మొదలైంది, దేశం మొత్తానికి వచ్చెటాళ్ళకు 2011 అయింది. అంటె షాపులల్ల ఇప్పుడు ఉస్తర పట్టినోళ్ళల్ల చానామందికి టీకా పడలే. మొత్తం మూడు డోసులు, మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మొదటిది క్యాంపులనే ఏసిన్రు, కార్డు ఇచ్చిన్రు. రెండోదానికి మెసేజ్ వస్తది అన్నరు. వచ్చింది, ఇంగ్లీషుల, బ్యాంకు మెసేజ్ అనుకుని డిలీట్ కొట్టినోళ్ళే ఎక్కువ. ఆ అక్క సంఘం వాట్సాప్ గ్రూపుల వాయిస్ మెసేజ్ పెడితె గాని సగం మంది రాలే. ఇంకా కొందరు మొదటి డోసు ఏసుకుని ముంబై పోయిన్రు, పాలమూరు కద, పనికి పోవుడే. వాళ్ళకు చెప్తున్న, కార్డు ఫోటో ఫోన్‌ల పెట్టుకోండ్రి, గాడ కూడ ఏయించుకోవచ్చు, లేటైనా మళ్ళ మొదటి నుంచి షురూ చేసే పని లేదు, ఆగిన కాడికెల్లి ఏసుకోవుడే.

టిఫిన్ ఉప్మా, బాగలేదు. చాయ్ బాగుంది. నీళ్ళు తక్కువ పడ్డయి. ఇచ్చిన పాంప్లెట్ల అక్షరాలు చీమలంత, అద్దాలు పెట్టుకున్నా కనపడలే, అండ్ల సగం జాగ లీడర్ల ఫోటోలే ఉన్నయి.

ఇట్లాంటి క్యాంపు మీ దిక్కు, నాగర్‌కర్నూల్ గాని, దేవరకొండ గాని, మిర్యాలగూడ రైస్ మిల్లుల కాడ గాని పెడితె పోవుండ్రి, భయపడే పనిలేదు, ఆధార్, ఫోన్ నంబర్ అడుగుతరు, ఉపాసం పోయే పని లేదు. ముందుగాల ఒక్కటి అడుగుండ్రి, రిజల్టు ఎక్కడ చెప్తరు, అందరి ముంగటనా, లోపలనా అని. లోపలంటెనే ఏలు సాపుండ్రి. క్యాంపు రాకపోయినా జిల్లా సర్కారు దవాఖానల అడుగుండ్రి, ఈ ప్రోగ్రాం దవాఖానల ద్వారనే నడుస్తది.

ఆ మక్తల్ పిల్లగాడు ఇప్పుడు నా షాపుల చేస్తున్నడు. రెండో టెస్టు రిజల్టు ఏమొచ్చిందో ఇక్కడ రాయ, అది వాని సంగతి. మూడో డోసు జనవరి ఆఖరుకు ఉంది. టైముకు మంగళవారం చూసి పెట్టి, తెలుగుల మెసేజ్ పంపితె గిదే రివ్యూల అరస్టార్ పెంచుత, పెట్టకుంటె ఒకటి తీసేస్త.